ప్రైవేట్ నంబర్ అడగని వెబినార్లు

ఖరగ్‌పూర్‌లో 'ట్రాఫిక్' అంటే రోడ్డు మీద రద్దీ కాదు, రైల్వే క్వార్టర్ల పేట. రైళ్ల రాకపోకలను నడిపే శాఖను రైల్వేలో ఆ పేరుతో పిలవడం పాత అలవాటు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. తాతకు దొరికిన రైల్వే ఉద్యోగం మనవడికి దొరుకుతుందన్న భరోసా ఇప్పుడు లేదు. టిఫిన్ సెంటర్, కుట్టుమిషన్, పచ్చళ్లు, ప్యాకింగ్ పని వంటి చిన్న వ్యాపారాలే చాలామందికి దారి.

అటువంటివారికి వ్యాపార వెబినార్ కాలక్షేపం కాదు. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలన్నది విధానం. అందులో 3 శాతం మహిళల సంస్థలకు. ఆ కొనుగోళ్లకు 2016లో మొదలైన 'జెమ్' పోర్టల్ ఒక ముఖ్యమైన ద్వారం. స్థానిక ఉత్పత్తులను రైల్వే స్టేషన్లలో అమ్ముకునే 'ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి' పథకం 2022లో వచ్చింది. వీటిలో నమోదు ఎలాగో విడమరిచి చెప్పే ఒక్క గంట, కుట్టుపని చేసే మనిషికి ఏడాది పనిని తెచ్చిపెట్టగలదు.

ఆ గంట తరచు ఎలా గడుస్తుంది? స్వాగతాలకు పది నిమిషాలు. వక్త పదవుల పట్టిక. ఇంగ్లీషు స్లైడ్లు నలభై. చివరి ఐదు నిమిషాల్లో 'సందేహాలుంటే చాట్‌లో రాయండి'. ఎవరూ రాయరు. అందరికీ అర్థమైనట్టే లెక్క. హాజరు సంఖ్య నివేదికకు ఎక్కుతుంది, సర్టిఫికెట్ మాత్రం ఠంచనుగా ఫోన్‌కి వస్తుంది.

దూరం నుంచి మాట్లాడి పని జరిపించడం రైల్వేకు కొత్త విద్య కాదు. సెక్షన్ కంట్రోలర్ వరుస స్టేషన్లతో ఒకే లైను మీద మాట్లాడే పద్ధతి ఇంటర్నెట్ కంటే ఎంతో పాతది. గేటు వేశానని గేట్‌మ్యాన్ స్టేషన్ మాస్టర్‌కు చెబితే సరిపోదు. తన దగ్గరున్న జాబితా నుంచి ఒక ప్రైవేట్ నంబర్ కూడా చెప్పాలి, దాన్ని రిజిస్టర్‌లో రాసుకోవాలి. మాట అవతలికి చేరిందని, పని జరిగిందని అదే రుజువు. 'వినబడుతోందా?' అంటే 'ఆ' అనడం అక్కడ చెల్లదు. వ్యాపార వెబినార్లకు కొరవడినది సరిగ్గా ఇదే. ప్రతి పది నిమిషాలకు ఆగి, 'ఇప్పుడు మీరు నొక్కాల్సిన బటన్ ఏది?' అని ఒక చిన్న పోల్ పెడితే, వక్త చెప్పింది ఎందరికి ఎక్కిందో అక్కడికక్కడే తేలిపోతుంది.

మౌనానికి మరో కారణం శాస్త్రంలో ఉంది. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకరి ప్రశ్నకూ మరొకరి జవాబుకూ మధ్య సగటు విరామం సుమారు 200 మిల్లీసెకన్లని తేలింది. అంత సన్నని సందులో మాట అందుకోవడం మనుషులకు అలవాటు. నెట్‌వర్క్ ఆలస్యం కూడా అదే స్థాయికి చేరితే ఇద్దరు ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ తగ్గుతారు, మొహమాటస్థుడు ఇక నోరు విప్పడు. అందుకే 'ప్రశ్నలున్నాయా?' అని అడిగి రెండు సెకన్లలో ముగించడం అన్యాయం. పేరు పెట్టి పిలవాలి, పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లు నిర్వాహకుడికి యుగంలా తోస్తాయి. తోయనీ.

భాష విషయంలో ఒక మెలిక ఉంది. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. అలాగని స్లైడ్లను తెలుగు లిపిలోకి మార్చేస్తే సరిపోదు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బెంగాలీ మాట్లాడుతూ పెరిగినవారందరికీ తెలుగు చదవడం రాదు. వారికి కావలసింది తెలుగు మాట. ప్రశ్న కూడా టైపు చేయమనకుండా వాయిస్ మెసేజ్‌గా పంపనివ్వాలి, అదీ ఒకరోజు ముందే. అలా వచ్చిన ప్రశ్నలతోనే వెబినార్ మొదలుపెడితే స్లైడ్లు సగానికి సగం అవసరం రాదు.

డేటా లెక్క కూడా మాటవైపే మొగ్గుతుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంట వీడియోకు 450 ఎంబీ ఖర్చవుతుంది. 40 కిలోబిట్ల ఆడియోకు 18 ఎంబీ చాలు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో ఇల్లంతా సర్దుకునేచోట ఇది చిన్న తేడా కాదు. వక్త ముఖం మొదటి రెండు నిమిషాలు కనిపిస్తే చాలు. మంచి మైకు మాత్రం తప్పనిసరి.

ఇక వేళ. సాయంత్రం ఏడు గంటలు నిర్వాహకులకు అనువు, టిఫిన్ బండికి అదే గిరాకీ వేళ. మధ్యాహ్నం పెడితే, నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి రెండు గదుల క్వార్టర్‌లో నిద్రపోతుంటాడు, స్పీకర్ పెట్టి వినడం కుదరదు. అందరికీ కుదిరే సమయం దొరకదు కాబట్టి రికార్డింగ్ ముఖ్యం, కానీ గంట నిడివి ఫైలు ఎవరూ తెరవరు. ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను విశ్లేషించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. ఆరేసి నిమిషాల ముక్కలు చేసి, ఒక్కోదానికి అడిగినవారి ప్రశ్ననే పేరుగా పెట్టాలి: 'జెమ్‌లో నా కుట్టుపనికి ధర ఎంత పెట్టాలి?'