హిస్టారిక్ వేరు, హిస్టారికల్ వేరు

మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో 'హిస్టారిక్', 'హిస్టారికల్' అనే రెండు మాటలూ ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చుంటాయి. చివర 'అల్' ఉంటే కొంచెం గ్రాండ్‌గా ఉంటుందని కొందరి లెక్క. అర్థమైతే చాల్లే అంటారు ఇంకొందరు. సివిల్ బ్రాంచి వాళ్లకైతే అది చాలదని నా అభిప్రాయం.

మాది పగిడ్యాల. మా మండలంలో ముచ్చుమర్రి దగ్గరికి శ్రీశైలం వెనుక జలాలు వస్తాయి. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు రెండూ పొంగి కర్నూలు మునిగిపోయింది. శ్రీశైలం డ్యామ్‌కు సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అది హిస్టారిక్ ఫ్లడ్. అంటే చరిత్రలో నిలిచిపోయే వరద. అదే 'హిస్టారికల్ ఫ్లడ్ డేటా' అంటే ఏటేటా రాసిపెట్టిన లెక్కలన్నీ, వాన మొహం చాటేసిన కరువేళ్లతో సహా. డ్యామ్ డిజైన్ చేసేవాళ్లకు కావాల్సింది ఇది. ఇక్కడ 'హిస్టారిక్' అని రాస్తే పెద్ద వరదలొచ్చిన ఏళ్లనే ఏరుకున్నారనుకోవచ్చు. ఆ లెక్కతో సగటు తీస్తే జవాబే మారిపోతుంది. ఒక్క 'అల్' ఖరీదు అంత!

ఇంకో ఉదాహరణ. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన మన జిల్లాలను చాలాకాలం 'సీడెడ్', 'దత్తమండలాలు' అనే పిలిచేవాళ్లు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు వద్దనుకుని 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. ఆ సభ హిస్టారిక్. దాని తర్వాత మనల్ని మనం పిలుచుకునే పేరే మారింది. ఆ సభ గురించిన కాగితాలేవైనా హిస్టారికల్. ఆరోజు భోజనాల ఖర్చు రాసిన చీటీ ఎక్కడైనా దొరికిందనుకోండి, అదీ హిస్టారికలే. హిస్టారిక్ మాత్రం కాదు.

అన్నిచోట్లా గీత ఇంత నీట్‌గా ఉండదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడే మా పక్క సంగమేశ్వరం గుడిని హిస్టారిక్ టెంపుల్ అన్నా తప్పులేదు, చరిత్రలో దానికంత చోటుంది.

తెలుగులోనూ మనకీ సదుపాయం ఉంది: చారిత్రక ఆధారాలు, చరిత్రాత్మక విజయం. రెండింటినీ కలగలిపి 'చారిత్రాత్మక' అని ఒకటి తయారుచేసి ప్రతి ప్రారంభోత్సవానికీ తగిలిస్తున్నాం. ఇది నాకు అసలు నచ్చదు.

ఈమధ్య ఒక ఫెస్ట్ పోస్టర్ మీద 'హిస్టారికల్ ఈవెంట్' అని చూశా. ఆ ఫెస్ట్ ఇంకా రెండు వారాలుంది.