చెవి పెట్టని నేరం

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ పేరు రోజంతా టీవీల్లో మోగింది. మండలంలోని బెండాలపాడు దగ్గర, ఎర్రబోడులో, ప్లాంటేషన్ విషయమై రేగిన గొడవలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. మరుసటి ఏడు కొత్తగూడెం కోర్టు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఇద్దరు గొత్తికోయ ఆదివాసులకు యావజ్జీవ శిక్ష వేసింది. డ్యూటీ మీద పోయిన మనిషి ఇంటికి శవమై రావడం ఎంత ఘోరమో చెప్పనక్కర్లేదు. ఆ హత్యను వెనకేసుకొచ్చే మాట ఒక్కటీ ఇక్కడ రాయను. రాయాల్సింది మన గురించి. ఆ తర్వాతి రోజుల్లో మనం ఏం చేశాం, అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఏం చెయ్యకుండా కూచున్నాం, అది.

మనమంటే ఎవరో ముందే తేల్చుకోవాలి. చండ్రుగొండ, కొత్తగూడెం, పాల్వంచ, అశ్వారావుపేట, సత్తుపల్లి ఊళ్లలో నాలుగక్షరాలు వచ్చినవాళ్లం. బడిపంతుళ్లం, పేపర్లకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్లం, కవిసమ్మేళనాల్లో శాలువాలు కప్పించుకున్నవాళ్లం, సంఘాల్లో మైకు పట్టుకున్నవాళ్లం. అడవి అంచున ఉద్యోగం చేసి, అడవి పేరు చెప్పుకుని బతికినవాళ్లం. వీళ్లలో నేనూ ఉన్నాను.

హత్య జరిగిన వారం తిరక్కుండానే బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది: గొత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపించెయ్యాలని. ఇద్దరు చేసిన పనికి పిల్లాజెల్లాతో సహా గుంపు మొత్తాన్ని వెళ్లగొట్టమన్న కాగితం అది. భయంలో, దుఃఖంలో ఊరు అలా అని ఉండవచ్చు. చదువుకున్న మనం ఏమన్నాం? ఆ గుంపులోకి పోయి, నేల మీద కూచుని, మీరు ఎక్కణ్ణించి వచ్చారు, ఎందుకొచ్చారు అని అడిగి రాసినవాడు మనలో ఎంతమంది? పేపర్లో ‘వలస గిరిజనులు’ అన్న రెండు మాటలతో సరిపెట్టాం. సగం మందిమి ఆ మాట కూడా రాయలేదు, ‘చొరబాటుదార్లు’ అన్నాం.

వాళ్లెందుకు వచ్చారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ అడవుల్లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. అటు మావోయిస్టులు, ఇటు సల్వాజుడుం, పోలీసులు. మధ్యలో నలిగిన మురియాలు వేల మంది గోదావరి ఇటు ఒడ్డుకు, శబరి ఇటు ఒడ్డుకు వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లనే గొత్తికోయలంటాం. ఇక అటవీ హక్కుల చట్టం పెట్టిన గడువేమో 2005 డిసెంబరు 13. ఆ తేదీ నాటికి భూమి చేతిలో ఉన్నవాడికే హక్కు. అంటే ప్రాణభయంతో ఆ తర్వాత వచ్చి పోడు కొట్టుకున్నవాడికి ఈ నేల మీద కాగితం ఎన్నటికీ రాదు. కాగితం లేనివాడు ఫారెస్టు గార్డును చూస్తే ఏమనుకుంటాడు? మొక్కలు నాటించి కాపాడాల్సిన గార్డు వాణ్ణి చూస్తే ఏమనుకుంటాడు? పదిహేడేళ్లు ఈ రెండు పక్షాలూ ఒకే అడవిలో, ఒకరి మాట ఒకరికి అందకుండా బతికాయి. గొత్తికోయల మాటకూ మన కోయల మాటకూ చుట్టరికం ఉంది. కోయ వచ్చిన పిల్లలు మన బళ్లలో చదువుకుని ఉద్యోగాలు కూడా చేస్తున్నారు. ఆ పిల్లల్ని మధ్యలో కూచోబెట్టి మాట కలిపించే ప్రయత్నం మనం చెయ్యలేదు. చేసి ఉంటే ఆ హత్య ఆగేదని ప్రమాణం చెయ్యలేను. చెయ్యలేదన్నది మాత్రం నిజం.

మాట కలిపే సాధనం మన చేతిలో లేక కాదు. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం 1989 నుంచి ఉంది. 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌తో మొదలైన స్థానిక రేడియో ఆలోచనలో మనదీ ఒక భాగం. ఏ జిల్లా గొంతు ఆ జిల్లాకే వినిపించాలి, స్టూడియోలో కూచోకుండా టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఊరి మీద పడాలి, ఇదీ దాని ఉద్దేశం. బొగ్గు బావి కార్మికుడు, తునికాకు కూలి, చేపలు పట్టేవాడు తమ మాటలో తామే మాట్లాడాలని. ఆ కేంద్రానికి మనం ఏం పట్టుకెళ్లాం? కవితలు పట్టుకెళ్లాం. ఉగాది కవిసమ్మేళనానికి పిలుపు రాలేదని అలిగాం. ప్రసంగానికి పేరు వేయించుకుని, చెక్కు తీసుకుని ఇంటికొచ్చాం. మా ఊరవతల గుంపులో ఒక ముసలమ్మ ఉంది, భూమి పండుగ నాడు రాత్రంతా పాడుతుంది, మైకు పట్టుకుని రండి అని చెప్పినవాళ్లు ఎంతమందిమి? స్టేషన్‌ను తప్పు పట్టడం తేలిక. దారి చూపించాల్సిన ఊరివాళ్లం మనమే ముందు నడవలేదు.

మే నెలలో తునికాకు కల్లాల దగ్గర నిలబడి చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. తెల్లవారకముందే అడవికి పోయిన ఆడవాళ్లు ఎండ ముదిరేసరికి మూటలతో దిగుతారు. చెట్టు నీడన కూచుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడతారు. వేళ్లు ఆకుల్ని లెక్కపెడుతుంటే నోరు ఇంకో పని చేస్తుంటుంది. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఆ పాటలో ఎవరి పెళ్లి చెడింది, ఏ వాగు పొంగి ఎవరిని తీసుకుపోయింది, ఏ దొర ఎవరిని కొట్టాడు, అన్నీ ఉంటాయి. ఊరి చరిత్ర అక్కడ ఉంది. మనం ఆ కల్లానికి పోయింది కట్ట రేటు ఎంత పెంచారో అడిగి వార్త పంపడానికి. రేటు రాయడం అవసరమే. పాట రాసుకోకపోవడానికి మాత్రం కారణం లేదు.

మనుషుల సంగతీ అంతే. సోయం గంగులు ఈ అడవి బిడ్డ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్వంచ అడవుల్లో కోయలను నిలబెట్టిన నాయకుడు. 1951లో ఆయన్ను కాల్చి చంపారు. కొమురం భీం పేరు పుస్తకంలో, సినిమాలో, జిల్లా పేరులో నిలిచింది, నిలవాల్సిందే. గంగులు పేరు మన పదో తరగతి పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఏ బడిలోనైనా అడిగి చూడండి. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లు, ఆయనకు అన్నం మూట మోసినవాళ్లు 1970ల్లో, 80ల్లో మన ఊళ్లలోనే ఉండేవారు. సంస్మరణ సభలు పెట్టాం, జెండా ఎగరేశాం, మన పార్టీ వాడా మీ పార్టీ వాడా అని వాదించుకున్నాం. ఆ ముసలివాళ్ల పక్కన కూచుని వినే ఓపిక లేకపోయింది. వాళ్లు ఇప్పుడు లేరు.

సకిని రామచంద్రయ్యది ఇంకా దగ్గరి కథ. మణుగూరు మండలం కూనవరం. కోయల కథలు పాడే డోలి. పడిగె అనే బొమ్మల గుడ్డ పట్టి, దాని మీది బొమ్మ ఒక్కొక్కటీ చూపిస్తూ, ఏ గట్టు (గోత్రం) వాళ్లకు ఎవరు మూలపురుషుడో, ఏ వేల్పు ఎటు నుంచి వచ్చిందో చెప్పగలిగినవాడు. సమ్మక్క సారలమ్మల కథ కోయలో, తెలుగులో నోటికి ఉన్నవాడు. కోయల వంశచరిత్ర డోలీల గొంతులోనే బతికింది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు బయటి నుంచి వచ్చి విని, రికార్డు చేసి, అచ్చు వేశారు. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించాక మనం కూనవరం దారి కనుక్కున్నాం. సన్మానాలు చేశాం, ఆయన పక్కన నిలబడి ఫొటోలు దిగాం. 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆ రెండున్నరేళ్లలో మన జిల్లా సాహిత్య సంఘాలన్నీ కలిసి ఆయన ముందు నాలుగు రాత్రులు కూచుని, తెలిసిన కథలన్నీ మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకోగలిగేవి. చెప్పించుకోలేదు.

పక్కన కూచుని వినే ఆ పని ఎప్పుడో పరాయి దేశం వాడు చేశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వల్ల నిజాం రాజ్యంలో చిక్కుపడి, 1941లో గోదావరి కొండలెక్కి కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. జ్వరాల అడవి, రోడ్డు లేదు, బస్సు లేదు. మనకు గుంపు పక్కదాకా తారు రోడ్డు ఉంది, జేబులో రికార్డు చేసే ఫోను ఉంది.

అమెరికాలో అపలాచియా కొండలూ మనలాంటి బొగ్గు నేలే. కెంటకీ రాష్ట్రంలో వైట్స్‌బర్గ్ అని చిన్న ఊరు. ఆ ప్రాంతం వాళ్లంటే బయటి టీవీలకు పేదలు, మొరటువాళ్లు, అంతే. 1969లో అక్కడి కుర్రాళ్లు యాపల్‌షాప్ అనే సంస్థలో కెమెరా పట్టడం నేర్చుకుని, తమ తాతల్ని, గని కార్మికుల్ని, పాటగాళ్లను తామే చిత్రించడం మొదలుపెట్టారు. 1985లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2022 జూలై చివర్లో వరద వచ్చి ఆ ఊరు మునిగింది, ఏళ్ల తరబడి కూడబెట్టిన టేపులు, ఫిల్ములు బురదలో తడిశాయి. ఊరివాళ్లు వాటిని ఒక్కొక్కటే ఏరి కాపాడుకునే పనిలో పడ్డారు. అదే నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. ఇళ్లు మునిగాయి, పంటలు పోయాయి. ఆ వరదలో మునగడానికి కూడా మన దగ్గర అలాంటి టేపుల గది లేదు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అంత దూరం పోనక్కర్లేదంటారా? జహీరాబాద్ పక్కన మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు సంగం రేడియో నడుపుతున్నారు. చిరుధాన్యాలు పండించుకునే ఆడవాళ్లు, సొంత యాసలో, సొంత మైకులో. కమ్యూనిటీ రేడియోకు స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు దరఖాస్తు చేసుకోవచ్చని కేంద్రం 2006లోనే దారి తెరిచింది. మన జిల్లాలోనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. మనలో ఎవరం పోయి ఆ తలుపు తట్టాం?

లెక్క మనకు చేతకాక కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్న నాటి నుంచి ఈ నేల కింద ఏముందో టన్నులతో సహా రాసి ఉంది. సత్తుపల్లి బొగ్గు కోసం భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి 54 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు, అది చండ్రుగొండ మీదుగానే పోతుంది. ఏ రోజు ఎన్ని వ్యాగన్లు దాటాయో అడిగితే కాగితం చూపిస్తారు. కనకగిరి గుట్టల మీది పాత కోట గోడల గురించి, వీరభద్రస్వామి గుడి గురించి, ఆ గుట్టల కింద పుట్టి పెరిగిన కోయల మాటల్లో ఏముందో అడిగితే చూపించడానికి మన దగ్గర ఒక్క కాగితం లేదు. కోయ మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లోనే నాలుగు లక్షల పైచిలుకు. అంతమంది పక్కన కూచుని వినే పనిని మనం ఎప్పుడూ పనిగా లెక్కపెట్టలేదు.

ఈ తప్పును ప్రభుత్వం మీదికి నెట్టడం నాకిష్టం లేదు. ప్రభుత్వం చెయ్యనివి చాలా ఉన్నాయి, వాటి మీద కొట్లాడదాం. పక్కింటి ముసలాయన దగ్గర కూచోవడానికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు.

చండ్రుగొండ, తిప్పనపల్లి, రావికంపాడు, బెండాలపాడు బళ్లలో పనిచేసే పంతుళ్లారా, కంట్రిబ్యూటర్లారా, డిగ్రీ చదివి ఇంటి దగ్గరుంటున్న కోయ పిల్లల్లారా, వచ్చే వేసవిలో తునికాకు పని అయిపోగానే మొదలుపెడదాం. గూడేనికి ఇద్దరు చొప్పున పోదాం. అరవై దాటిన ప్రతి మనిషినీ అడిగి, ఒప్పుకున్నవాళ్ల మాటలు వాళ్ల భాషలోనే రికార్డు చేద్దాం. పేరు వద్దన్నవాళ్ల పేరు రాయొద్దు. ఒక కాపీ ఆ గూడెంలోనే వాళ్ల పిల్లల చేతికిద్దాం. గొత్తికోయల గుంపులను వదిలెయ్యొద్దు, ముందు అక్కడికే పోదాం. ఫారెస్టు గార్డుల మాట కూడా తీసుకుందాం, అడవిలో ఒంటరిగా తిరిగే వాళ్ల భయం కూడా ఎవరూ వినలేదు. రేడియో కోసం దరఖాస్తు రాసే పని నేను తీసుకుంటాను. మిగతాది రండి, కలిసి చేద్దాం.