చిప్పులోనూ పోగుంటలే!

మొన్న సంక్రాంతికి ముక్త్యాల వెళ్తే అమ్మమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "నాన్నా, ఇందులో ఫొటో తీస్తే నిలవట్లేదురా. ఏదన్నా తీసేద్దామంటే అదీ పోవట్లేదు" అంది. చూస్తే మెమరీ కార్డు మొండికేసింది. తాతయ్య ఆఖరి ఫొటోలన్నీ అందులోనే! "ఫార్మాట్ కొట్టేయన్నా, బాగైపోద్ది" అన్నాడు పక్కింటి కుర్రాడు. నా గుండె ఝల్లుమంది.

అసలు సంగతేంటంటే, మెమరీ చిప్పు నిలువూ అడ్డం అచ్చు తోలి నాటిన మిరపతోట లాంటిది. రెండు గీతలు కలిసే ప్రతిచోటా ఒక గడి. నిలువు వరసని కాలమ్ అంటారు. దాని పొడవునా ఒక సన్నటి తీగ ఉంటుంది. అది ఎక్కడన్నా తెగినా, పక్క తీగకి తగిలినా చెడేది ఒక్క గడి కాదు, దాని మీద ఆధారపడ్డ గడులన్నీ. కోట్ల గడుల్లో ఒక్క లోపమూ లేకుండా చేయడం దాదాపు అసాధ్యం. అలాగని ఒక్క వరస కోసం చిప్పంతా పారేస్తారా?

మన రైతు తోట పీకేస్తాడా? మొక్క చచ్చినచోట, ముందే అట్టిపెట్టిన నారు తెచ్చి పోగుంటలు పెడతాడు. ఇక్కడా అంతే. చిప్పులో కొన్ని వరసలు ముందే అదనంగా వేస్తారు. పరీక్షలో దొరికిన చెడ్డ కాలమ్ చిరునామాని చిప్పులోనే గుర్తు పెడతారు. ఆ చిరునామా అడిగినప్పుడల్లా పని స్పేర్ కాలమ్‌కి వెళ్తుంది. 1979 నాటికే అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు 64కె మెమరీ చిప్పులో లేజర్‌తో ఈ మార్పిడి చేసి చూపించారు.

మెమరీ కార్డులో కథ ఇంకా ఉంది. వాడేకొద్దీ గడులు అరుగుతాయి. లోపలి కంట్రోలర్ చెడిన బ్లాకుల్ని పక్కనపెట్టి స్పేర్ బ్లాకులు వాడుకుంటుంది. మనకి తెలీనే తెలీదు. ఆ స్పేర్ అయిపోయిన రోజున చాలా కార్డులు కొత్తగా రాయడం మానేసి, ఉన్నది మాత్రం చదవనిస్తాయి. అమ్మమ్మ కార్డు వాలకం అచ్చం ఇదే.

అందుకే ఫార్మాట్ జోలికి పోలేదు. కార్డు తీసి, లాప్‌టాప్‌లో పెట్టి, ఉన్నవన్నీ కాపీ చేశా. మూడు ఫొటోలు సగం బూడిద రంగులో వచ్చాయి. మిగతావి దక్కాయి. కృష్ణ ఒడ్డున తాతయ్య నవ్వుతున్న ఫొటో చూసి అమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీ కార్డు కూడా ఇలా మొరాయిస్తే ముందు కాపీ చేసుకోండి, మిగతావన్నీ తర్వాత. బాగా పనిచేస్తున్నా సరే, ఈ రాత్రికే ఇంకోచోట ఒక కాపీ పెట్టేయండి. చిప్పు తన పోగుంటలు తను చూసుకుంటుంది. మన పోగుంటలు మనమే పెట్టుకోవాలి!