మొదటి పనివాడు, మొదటి జీతం

కిందటి నెల మా క్యాంపు కుర్రాడొకడు షాపుకొచ్చాడు. "అన్నా, వెల్డింగ్ పని ఒక్కణ్ణే చేసుకోలేకపోతున్నా. ఒక మనిషిని పెట్టుకుందామనుకుంటున్నా. ఎట్లా పెట్టుకోవాలి?" అన్నాడు. అతనికి చెప్పిందే ఈ నెల ఇక్కడ రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది.

నేను సింధనూరులో ఒక రైస్‌మిల్లులో పదకొండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి, తర్వాత సొంతంగా మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాను. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొదిలితే చాలు, షాపు ముందు కాలిన మోటార్లు వరస కడతాయి. కాయిలు విప్పేది నేనే, చుట్లు లెక్కపెట్టేది నేనే, వార్నిష్ పోసేది నేనే, పొలానికి పోయి బిగించేది నేనే. నేను పొలానికి పోతే షాపుకు తాళం. తాళం చూసిన గిరాకీ పక్క షాపుకు పోతుంది. మనిషి కావాలని అట్లా తెలిసొచ్చింది.

మొదట ఒక హమాలీ అన్న తన కొడుకుని తెచ్చాడు. పదమూడేళ్లు. "బడికి సరిగా పోవట్లేదు, నీ దగ్గర పని నేర్చుకుంటాడు, జీతం వద్దులే" అన్నాడు. నాకు ఆశ పుట్టిన మాట నిజం. కానీ 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 18 నిండేదాకా ప్రమాదమైన పనుల్లో పెట్టకూడదు. చట్టం అటుంచినా, ఇది కరెంటుతో పని. జరగరానిది జరిగితే ఆ తండ్రికి ఏం చెప్పగలను? బడికే పంపమని బతిమాలాను.

తర్వాత పందొమ్మిదేళ్ల కన్నడ కుర్రాడు దొరికాడు. నెలకింత అని నోటిమాటగా అనుకున్నాం. ఏ తేదీన ఇస్తానో నేను చెప్పలేదు, అతనూ అడగలేదు.

నెల తిరిగింది. పని బాగానే జరిగింది, గల్లాలో మాత్రం డబ్బు లేదు. రైతులేమో వడ్లు అమ్మాక ఇస్తామన్నారు. రాగితీగ కొట్టువాడికి రొక్కం పోయాలి. ఆ సాయంత్రం కుర్రాడు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "అణ్ణా, సంబళ..." అన్నాడు మెల్లగా.

"వచ్చే వారం చూద్దాంలే" అన్నాను. ఏమీ అనకుండా టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

రాత్రి మా ఆవిడ అంది: "మిల్లులో జీతం ఆగినప్పుడు మీరు కిరాణా కొట్టు ముందు నుంచి రాలేక చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవారు. ఆ పిల్లాడు ఇవాళ ఏ దారిన పోయాడో!"

నిద్ర పట్టలేదు. పొద్దున్నే దాచిపెట్టిన పాత రాగి తూకానికి అమ్మేశాను. దానికి మా ఆవిడ చీటీ డబ్బు కలిపి, జీతం మొత్తం అతని చేతిలో పెట్టాను.

అరువు రైతుకీ నాకూ మధ్య సంగతి. దాన్ని పనివాడి నెత్తిన వేయకూడదని అప్పుడు తెలిసింది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రైతులతోపాటు నా గుండె కూడా జారింది. కాలువలో నీళ్లు లేకపోతే మోటారు తిరగదు, తిరగని మోటారు కాలదు. అందుకే ఇప్పుడు మూడు నెలల జీతం వేరే ఖాతాలో ఉంచుతున్నాను. జీతం, తేదీ, వారానికి సెలవు, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకం చేస్తాం.

ఇంకో మాట. ఈఎస్ఐ పదిమంది, పీఎఫ్ ఇరవైమంది పనిచేసే చోట్లకు వర్తిస్తాయి. మనలాంటి ఒక్క మనిషి షాపుకు అవి రావు. అందుకని అతని బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాను. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్లవాళ్లు ఎవరైనా చేరొచ్చు. మీరూ చేరండి.

ఇదంతా విని వెల్డింగ్ కుర్రాడు, "మనిషిని ఎక్కడ వెతకమంటావు అన్నా?" అన్నాడు.

"మనిషి దొరుకుతాడు తమ్ముడూ. మొదటి నెల జీతం ఇప్పుడు నీ దగ్గర ఉందా?"

"గేటు పని బిల్లు రావాలి."

"అయితే ఆ బిల్లు వచ్చాకే పెట్టుకో" అన్నాను.