సూపర్‌మేన్‌కి రెండు పేర్లు సరదా, మనకి గండం

రాజోలు చుట్టుపక్కల పేటల్లో కుర్రాళ్ళ చేతుల్లో ఇవాళ ఫోనుంది. ఆ ఫోన్లో సూపర్‌మేన్ ఎగురుతున్నాడు. 2013లో వచ్చిన 'మేన్ ఆఫ్ స్టీల్' సినిమాలో యేసు ప్రభువు కనిపిస్తున్నాడనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కనిపిస్తున్నమాట నిజమే. పెట్టారు గనక కనిపిస్తున్నాడు.

తండ్రి తన ఒక్క కొడుకుని పైలోకం నుంచి భూమికి పంపుతాడు. ఆ కొడుకు 33 ఏళ్ళ వయసులో లోకం ముందుకొస్తాడు. తనని శత్రువుకి అప్పజెప్పుకునే ముందు చర్చికెళ్తాడు. వెనక అద్దం మీద గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న యేసు బొమ్మ ఉంటుంది. ఒకచోట చేతులు బారచాపి సిలువలాగ గాల్లో నిలబడతాడు. సినిమా తీసిన వార్నర్ బ్రదర్స్ కంపెనీ అమెరికాలో పాస్టర్లకి ముందుగానే ఆట వేసి చూపించింది. ఆదివారం ప్రసంగానికి నోట్సు కూడా రాయించి ఇచ్చింది. టిక్కెట్లు తెగాలి గదా!

అయితే క్రీస్తులో వాళ్ళు తీసుకున్నదేంటి? బలం. వదిలేసిందేంటి? వడ్రంగి ఇంట్లో పెరిగి, జాలర్లతో తిరిగి, కుష్ఠురోగిని చేత్తో ముట్టుకున్నవాణ్ణి. రోము రాజ్యం, గుడి పెద్దలు కలిసి చంపించినవాణ్ణి. సినిమా చివర్లో సూపర్‌మేన్ శత్రువు మెడ విరిచి చంపుతాడు. సిలువ మీద వేలాడినవాడు ఎవరి మెడా విరవలేదు.

1830ల్లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు వశిష్ఠకి ఆవలి ఒడ్డున నర్సాపురం వచ్చారు. గోదావరి లంకల్లో, పేటల్లో మన పెద్దలు ఆ మాట చెవిని వేసుకున్నది ఎగిరే దేవుడొస్తాడని కాదు. తమని మనుషులుగా చూసే దేవుడి సంగతి చెప్పారని.

కాబట్టి మేమనేదేంటంటే, సూపర్‌మేన్ కథలో మనకి నిజంగా దగ్గరైంది సిలువ బొమ్మ కాదు, రెండు పేర్లు. పగలు కళ్ళజోడు పెట్టుకుని పత్రికాఫీసులో పనిచేసే క్లార్క్ కెంట్. ఆపదొస్తే సూపర్‌మేన్. 1938లో ఈ బొమ్మల కథని పుట్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ వలస వచ్చిన యూదుల పిల్లలు. ఆ రోజుల్లో అమెరికాలో చాలామంది యూదులు ఉద్యోగం కోసం పేర్లు మార్చుకున్నారు. దాక్కుని బతకడం అంటే ఏంటో ఆ ఇళ్ళకి తెలుసు.

మన ఇళ్ళకీ తెలుసు. చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. పెళ్ళి పాస్టరు గారు చేస్తారు, సర్టిఫికెట్ మీద హిందువని ఉంటుంది. ఇది మన సరదాకి పెట్టుకున్న వేషమా? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా మన నెత్తిన పెట్టిన వేషం. హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని కలిపారు. క్రైస్తవ దళితుణ్ణి, ముస్లిం దళితుణ్ణి బయటే ఉంచారు. మన రాష్ట్రంలో క్రైస్తవుడినని కాగితం మీద రాసుకున్న దళితుడికి దక్కేది బి.సి.-సి కింద ఒక్క శాతం.

వేషం బయటపడితే ఏమవుతుందో కోర్టులు చెప్పాయి. బాప్తిస్మం పొంది, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. కులం పేరు పెట్టి తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు చెప్పింది.

క్రైస్తవంలో కులం లేదు గదా అంటారు. యేసు దగ్గర లేదు, ఊళ్ళో ఉంది. ప్రార్థన మారితే పేట మారిందా? కూలి మారిందా? శ్మశానం మారిందా? తిట్టేవాడు బైబిలు చూసి తిట్టడం మానేశాడా?

మూడో పేరా తీసెయ్యాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానం చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఢిల్లీలో ఎవరడిగారు? రాజోలు, అమలాపురం రిజర్వుడు సీట్లే గదా, ఓట్లకొచ్చినవాళ్ళని మనమెంతమందిమి నిలదీశాం?

పాస్టర్లకి మా మనవి. సూపర్‌మేన్ మీద ప్రసంగం చెప్పాలనుకుంటే చెప్పండి. ఆ ఆదివారమే మూడో పేరా కూడా చదివి వినిపించండి. కుర్రాళ్ళకి మా మాట. పైనుంచి ఎవడో ఎగిరొచ్చి ఈ పేరా చింపడు. అంబేద్కర్ ఎగరలేదు, చదివాడు, జనాన్ని కూడగట్టాడు, కొట్లాడాడు.

మన బిడ్డ ఒక్క పేరుతో చర్చికీ, బడికీ, పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళగలగాలి. అందుకే మూడో పేరా పోవాలి.