గుస్సాడీ బొమ్మ కింద పేరేది?

కరీంనగర్‌లో ఒక చిత్ర ప్రదర్శనకు పోయినం. ఒక డ్రాయింగ్ సారు వేసిన బొమ్మ ముందు జనం గుమిగూడి ఉన్నారు. నెమలి ఈకల టోపీ, బూడిద పూసిన ఒళ్లు, భుజాన మేకతోలు, కాళ్లకు గజ్జెలు. కండరం కండరం తెలిసేలా గీశారు. అది మంచి పనిమంతుడి చెయ్యి, కాదనం. కింద అంటించిన చీటీ చదివినం. రంగుల రకం ఉంది, కొలతలు ఉన్నాయి, సారు పేరు ఉంది, ధర ఉంది. నిలబడిన మనిషి పేరు ఉండాల్సిన చోట 'గిరిజన నర్తకుడు' అని ఉంది.

మా తగాదా ఆ రెండు మాటలతోనే.

మనిషిని ఎదురుగా నిలబెట్టి ఒంటి తీరును, భంగిమను చూసి గీయడం చిత్రకారులకు అవసరమైన సాధన. దాన్ని ఫిగర్ స్టడీ అంటారు. అందులో తప్పు లేదు. కానీ గుస్సాడీ అట్లా నిలబడేవాడేనా? దీపావళి వేళ దండారీలో గుస్సాడీ కట్టినవాడు దీక్షలో ఉంటాడు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అతని మీద ఏత్మాసూర్ దేవుడు ఉంటాడని, అతను తాకితే రోగం పోతుందని మన పెద్దల నమ్మకం. ఒంటరిగా ఆడడు. డోలు, పెప్రె, గుమేల వాయించేవాళ్లు, తోటి ఆటగాళ్లు, అతిథులుగా పిలిచిన ఊరు, అందరూ కలిస్తేనే దండారీ.

కాబట్టి సార్లకు రెండే దారులు. బొమ్మలో ఉన్నది దీక్షలోని గుస్సాడీ అయితే, ఊరి పెద్దలను అడిగి, ఆ గుంపుతో, ఆ డోళ్లతో గీయండి. గదిలో మీ కోసం వేషం కట్టి నిలబడిన మనిషి అయితే, అతనికి కూలి ఇవ్వండి, పేరు రాయండి. దేవుడని చెప్పి పేరు తీసేయడం, మోడల్ అని చెప్పి దీక్షను తీసేయడం, రెండూ ఒక్కసారే కుదరవు.

'బొమ్మ వల్ల మీ కళకు పేరొస్తుంది కదా' అంటారు. కళకు వచ్చిన పేరు మనిషికి చేరడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. మర్లవాయి కనకరాజు ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే ఢిల్లీలో గుస్సాడీ ఆడారు. పద్మశ్రీ 2021లో వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన మనల్ని విడిచిపోయారు. ఆయన ఢిల్లీలో ఆడిన ఆ కాలంలోనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మన ఆటకు చప్పట్లు, మన మాటకు తూటాలు. ఒంటి అందాన్ని చూసి మనిషిని చూడని కళ్లతో మాకు పాత పరిచయమే.

మనవాళ్లకు బొమ్మ చేతకాదా? జైనూర్ మండలం ఉషేగాంలో ఓజలు ఇత్తడితో దేవుళ్ల బొమ్మలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తాను చూసి పెరిగిన పల్లె ఆడవాళ్లనే గీసి దేశమంతా పేరు పొందారు. తన ఊరిని తాను గీసుకునే ఆ అవకాశం ఆశ్రమ పాఠశాలలో చదివే గోండు పిల్లకు, కొలాం పిల్లవాడికి ఎందుకు లేదు? వాళ్ల డ్రాయింగ్ పుస్తకాల్లో ఇంకా కొబ్బరిచెట్టు, పడవ, రెండు కొండల మధ్య సూర్యుడే.

టీచర్లకు మా మాట ఇది. దండారీ సెలవుల నుంచి తిరిగొచ్చిన పిల్లలకు కాగితం, రంగులు ఇవ్వండి. వాళ్ల తాత ఏం కట్టుకున్నాడో, ఎవరు డోలు కొట్టారో వాళ్లనే గీయనివ్వండి. బొమ్మ కింద తాత పేరు రాయించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గూడేనికి ఎవరైనా కుంచెతోనో కెమెరాతోనో వస్తే నీళ్లిచ్చి కూర్చోబెట్టండి. ఆ తర్వాత అడగండి: ఎవరిని అడిగి వచ్చారు? కూలి ఎంత ఇస్తారు? పేరు ఎక్కడ రాస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పినవాళ్లను దండారీకి మనమే పిలుద్దాం.