చెరువును ముక్కలు చేసిన దస్త్రాలు

2025 మార్చి చివరి వారం. చైత్ర నవరాత్రులు మరి కొద్ది రోజుల్లో మొదలవుతాయనగా, రతన్‌పూర్ మహామాయ ఆలయ కుండంలో వలకు చిక్కి మరణించిన ఇరవైకి పైగా తాబేళ్ళు బయటపడ్డాయి. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఆ ఉదంతాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. వల ఎవరు వేశారు, ఎవరి అనుమతితో వేశారు అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. దాని జోలికి నేను పోను. నన్ను వెంటాడుతున్న ప్రశ్న వేరు. అసలు ఆ నీరు ఎవరి బాధ్యత?

ఈ దేశంలో ఏ గుడి చెరువు గురించి ఈ ప్రశ్న వేసినా జవాబు ఒక్కటిగా రాదు. దేవస్థానానికి అది తీర్థం. పురపాలక సంఘానికి సుందరీకరణ పద్దు. మత్స్య శాఖకు చేపపిల్లలు వదిలే చోటు. రెవెన్యూ శాఖకు ఒక సర్వే నంబరు. పురావస్తు శాఖకు గట్టు మీది రాతి కట్టడం కనిపిస్తుంది గాని, గట్టు దిగువన ఉన్న నీరు కనిపించదు. అటవీ శాఖకు ప్రాణి చచ్చిన తరువాతే కబురు అందుతుంది. ఇంతమంది యజమానులున్న నీటిలో తాబేలుకు దిక్కు లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

బిలాస్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ శతాబ్దాల పాటు కలచురి రాజుల రాజధాని. రైలు ఉద్యోగాలతో బిలాస్‌పూర్ చేరి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మహామాయ కొత్త దేవత కాదు. ఆ ఊరితో మన సంబంధం అంతకంటే పాతది. కలచురి రాజు మొదటి జాజల్లదేవుడు 1114లో వేయించిన రతన్‌పూర్ శిలాశాసనంలో, ఆయనకు కప్పం చెల్లించిన ప్రాంతాల వరుసలో ఆంధ్ర, ఖిమిడి పేర్లు కనిపిస్తాయి. అయితే ఆ శాసనంలో నేటి పాలకులు చదువుకోవలసిన భాగం కప్పాల జాబితా కాదు. తన పేరిట వెలసిన జాజల్లపురంలో రాజు తాపసులకు మఠం, మామిడి తోపు, సరస్సు ఏర్పాటు చేశాడని అదే శాసనం చెబుతుంది. మఠం, తోట, నీరు మూడూ ఒకే దానంలో ఉన్నాయి. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం రాయి మీద ఒక్కటిగా చెక్కినదాన్ని మన సచివాలయాలు కాగితం మీద ముక్కలు చేశాయి.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చెరువుల సమృద్ధిని చెప్పడానికి ‘ఛై ఆగర్ ఛై కోరీ’ అంటారు. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, మీద ఆరు: 126 చెరువులు. రతన్‌పూర్‌కు కూడా చెరువుల ఊరిగానే ప్రసిద్ధి. ఆ ప్రాంతంలో కొత్తగా తవ్విన చెరువుకు పెళ్ళి చేసే ఆచారం ఉంది. పెళ్ళి కాని చెరువు నీరు వాడుకోరు. చెరువు నడుమ కర్ర స్తంభం నాటుతారు. అది పూజాస్తంభమే, నీటిమట్టాన్ని చూపే కొలబద్ద కూడా అదే. భక్తి ఒక చోట, జలశాస్త్రం మరో చోట అన్న విభజన ఆ స్తంభం నాటినవాళ్ళకు తెలియదు. శ్రావణ పున్నమి మరునాడు ఆడపిల్లలు భోజలి మొలకలను చెరువులో నిమజ్జనం చేస్తారు. బతుకమ్మను నీట వదిలిన తెలంగాణ ఆడపడుచుకు ఆ దృశ్యాన్ని వివరించి చెప్పనక్కరలేదు. చెరువు చస్తే ఆ పండుగ ఏ పంపు నీటిలో బతుకుతుంది?

ఇక చట్టం సంగతి. 2010 నాటి చిత్తడి నేలల నిబంధనల నిర్వచనంలో మనుషులు నిర్మించిన జలాశయాలకూ చెరువులకూ చోటుండేది. 2017లో వాటి స్థానంలో వచ్చిన నిబంధనలు సహజమైనవైనా కృత్రిమమైనవైనా చిత్తడి నేలలేనని ఒక చేత్తో ఒప్పుకుని, తాగునీటికి ప్రత్యేకించి నిర్మించిన జలవనరులను, సాగుకూ చేపల పెంపకానికీ వినోదానికీ ప్రత్యేకించి కట్టినవాటిని మరో చేత్తో తీసేశాయి. మధ్య భారతంలోనూ దక్షిణాదిలోనూ మనిషి చెయ్యి పడని చెరువులెన్ని? కాకతీయుల పాకాల, రామప్ప చెరువులు వానకు వాటంతటవే పుట్టలేదు కదా! తవ్వించినవాడి శ్రమే చెరువుకు అనర్హత అయిన విచిత్ర నిర్వచనమిది.

ఈ నిర్వచనం ఎంత డొల్లదో చెప్పడానికి బిలాస్‌పూర్ జిల్లాయే సాక్ష్యం. 2025 డిసెంబరులో అదే జిల్లాలోని కోప్రా జలాశయం ఛత్తీస్‌గఢ్ నుంచి రామ్‌సర్ జాబితాకెక్కిన తొలి చిత్తడి నేల అయింది. సంతోషమే. కానీ కోప్రా కూడా మనిషి కట్టినదే. చుట్టుపక్కల పొలాలకు నీరిచ్చేదే. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం సహజం, కృత్రిమం అన్న తేడా పాటించదు. పైగా 2002లో వాలెన్సియాలో సమావేశమైన సభ్య దేశాలు చిత్తడి నేలల సాంస్కృతిక విలువలను వాటి నిర్వహణలో లెక్కలోకి తీసుకోవాలని తీర్మానించాయి. అంతర్జాతీయ వేదిక మీద ఈ మాటకు తలూపి, ఇంటికొచ్చి మరో నిర్వచనం రాసుకోవడాన్ని ఏమనాలి?

రాజ్యాంగానికి ఈ అయోమయం లేదు. పౌరుల ప్రాథమిక విధులు చెప్పే 51ఎ అధికరణంలో మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోమనే మాట, సరస్సులనూ నదులనూ వన్యప్రాణులనూ కాపాడుకోమనే మాట పక్కపక్కనే ఉన్నాయి. పౌరుడికి కలిపి అప్పగించిన బాధ్యతను ప్రభుత్వం మాత్రం రెండు మంత్రిత్వ శాఖలకు పంచుకుని కూర్చుంది.

రాజకీయానికి వద్దాం. 2018లో రాయ్‌పూర్‌లో గద్దెనెక్కిన కాంగ్రెస్ ప్రభుత్వం ‘నర్వా, గర్వా, ఘుర్వా, బారీ’ అంటూ వాగుల గురించి, పశువుల గురించి మాట్లాడింది. తరువాత వచ్చిన బీజేపీ ప్రభుత్వం శక్తిపీఠాలను కలిపే యాత్రా పథకంలో రతన్‌పూర్‌ను చేర్చింది. ఒకరికి నీరు పల్లె పథకం, మరొకరికి గుడి పర్యాటక పథకం. గుడి చెరువు ఈ రెంటి మధ్య జారిపోయింది. యాత్రికుల కోసం రోడ్లు, వసతులు రావలసిందే. కానీ సుందరీకరణ పేరిట ఈ దేశంలో చెరువులకు జరుగుతున్నది మనందరం చూస్తున్నదే. మట్టి గట్టు తొలగించి సిమెంటు గోడ కడతారు. తాబేలు గుడ్లు పెట్టే ఒడ్డు మాయమవుతుంది. నీరు వచ్చే కాలువను నడకదారి మింగేస్తుంది. చివరికి రంగు దీపాల ఫౌంటెన్ వెలుగుతుంది. దానికి వారసత్వ పరిరక్షణ అని శిలాఫలకం!

మన ఇల్లు చక్కగా ఉందని ఈ మాట అనడం లేదు. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల భూములను నిర్మాణాలకు ధారాదత్తం చేసింది మన ప్రభుత్వాలే. తిరుపతికి చెందిన ఇంటెలెక్చువల్స్ ఫోరం సుప్రీంకోర్టు దాకా పోరాడితే, 2006లో ఆ న్యాయస్థానం ఇలాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరులో చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో పేల్చివేశారు. అయినా ఆ గొడవ నేటికీ తెగలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ అన్నిటినీ చూస్తూనే ఉంది. మరో వైపు హైదరాబాద్ అంబర్‌పేటలో కబ్జాల కింద కనుమరుగైన బతుకమ్మ కుంట 2025లో మళ్ళీ నీళ్ళు చూసింది. పండుగ పేరు మోసే కుంట తిరిగి బతకగలిగితే దేవత పేరు మోసే కుండం బతకలేదా?

ఇలా రాస్తే రెండు వైపుల నుంచీ అభ్యంతరాలొస్తాయి. గుడి వ్యవహారాల్లో సర్కారు తలదూర్చడమేమిటని కొందరంటారు. తీర్థం పవిత్రమని నమ్మేవారికి ఆ తీర్థంలోని ప్రాణి క్షేమం పరాయి విషయం ఎట్లా అవుతుంది? చెరువును బాగుచేయడాన్ని పుణ్యకార్యంగా ఎంచిన ధర్మం మనది. భక్తులనూ నిమజ్జనాలనూ ఆపి కంచె వేస్తే తప్ప నీరు బాగుపడదని మరికొందరంటారు. అదీ పొరపాటే. మనుషుల రాకపోకలు ఆగిన చెరువుకు కాపలా పోతుంది. కాపలా పోయిన చెరువు ముందు చెత్తకుప్ప, తరువాత ప్లాటు అవుతుంది. మొలకలతో చెరువుకు హాని లేదు. ప్లాస్టిక్‌తో, రంగులతో, మురుగుతోనే హాని. ఆపవలసింది వాటిని.

కనుక అడగవలసినవి సూటిగా అడుగుదాం. 2017 నిబంధనల్లోని మినహాయింపును సవరించి చారిత్రక చెరువులను నిర్వచనంలోకి తిరిగి తీసుకోవాలి. కేంద్రం కదిలేదాకా రాష్ట్ర ప్రభుత్వం చేతులు ముడుచుకోనక్కరలేదు. రతన్‌పూర్ చెరువులను, వాటి గట్లను, నీరు వచ్చే పోయే కాలువలను, ఒడ్డునున్న గుళ్ళను కలిపి ఒకే వారసత్వ సముదాయంగా గుర్తించాలి. దానికి ఒకే నిర్వహణ సంఘం, ఒకే దస్త్రం ఉండాలి. ఆ సంఘంలో అధికారులతో పాటు దేవస్థానం, చేపలు పట్టి బతికేవారు, భోజలి మోసే ఆడవాళ్ళు కూర్చోవాలి. పూడిక ఎప్పుడు తీయాలో, వల ఎప్పుడు వేయకూడదో, ఎక్కడ సిమెంటు పడకూడదో ఆ సంఘమే రాసిపెట్టి ఊరందరికీ తెలిసేలా ప్రకటించాలి. యాత్రా పథకంలో తొలి రూపాయి ఆ సముదాయం హద్దులు గుర్తించడానికి ఖర్చు కావాలి, తోరణాలకు కాదు.

తాబేళ్ళ మృతికి బాధ్యులెవరో ఏదో ఒకనాడు తేలవచ్చు, శిక్ష కూడా పడవచ్చు. కానీ కుండం బాధ్యత ఎవరిదో అప్పటికీ తేలకపోతే, వచ్చే నవరాత్రులకు అక్కడ దీపాలు మాత్రమే ఉంటాయి. వాటిని ప్రతిఫలించే నీరు ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.